చక్రమునకు నిలకడ నేర్పిన గుస్తావ్ డి లావాల్

విద్యార్థులారా! మన తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతపు పల్లెలలో అమ్మమ్మలు మజ్జిగ చిలుకుట మీలో కొందరైనను చూచియుందురు. కుండలో కవ్వమును నిలిపి, దానిని ప్రక్కనున్న గుంజకు త్రాటి ఉచ్చులతో తగిలించి, తరిత్రాటిని ఇటు నటు లాగుచుండగా కవ్వము గిరగిర తిరుగును. వెన్న పైకి తేలును. ఆ ఉచ్చులను ఎంత బిగువుగా కట్టవలెనో చిలుకువారు ఎరుగుదురు. మిక్కిలి బిగించినచో కవ్వము పట్టుకొనును, కుండ అదరును. కొంచెము వదులుంచినచో కవ్వము తన నడిమిని తానే చూచుకొని సాఫీగా తిరుగును.

వంటయింటిలోని ఈ చిన్న సంగతికి చుట్టమైన ఒక పెద్ద సత్యమును ఉక్కుచక్రములపై ప్రయోగించి, లోకమునకు చూపిన మహనీయుడు స్వీడన్ దేశపు ఇంజనీరు గుస్తావ్ డి లావాల్. ఆవిరిచేతను, వేడివాయువులచేతను తిరుగు యంత్రచక్రములు పగిలిపోక, అదరక, నిలకడగా తిరుగుటకు నేటికిని ఇంజనీర్లు అనుసరించు మార్గములలో పెక్కింటికి ఆయన తొలి బాట వేసెను. వింత యేమనగా, ఆయన కథ కూడ పాలతోను, వెన్నతోను మొదలైనది.

లావాల్ 1845వ సంవత్సరము మే నెల 9వ తేదీన స్వీడన్ నడిమి భాగములోని డలార్నా సీమయందు ఓర్సా అను ఊరిలో జన్మించెను. ఆయన పూర్వులు ఫ్రాన్సు దేశమునుండి వచ్చి స్వీడన్‌లో స్థిరపడినవారు. సైనికోద్యోగములు చేసి, 17వ శతాబ్దములో గౌరవబిరుదములు పొందినవారు. పరదేశమునుండి వచ్చిన కుటుంబమైనను కొన్ని తరములలో ఆ నేలకే చెందినదయ్యెను. నాటి స్వీడన్ చిన్న దేశము. 1870 ప్రాంతమున ఆ దేశపు జనసంఖ్య సుమారు 40 లక్షలు మాత్రమే. ఇంగ్లండు, జర్మనీలవలె గొప్ప కర్మాగారములు అచట ఇంకను వెలయలేదు. గనులు, అడవులు, పశువులు, వీనిపైననే జనుల బ్రతుకు నడచుచుండెను.

బాలుడైన లావాల్‌కు పదునొకండేండ్ల వయసున, అనగా 1856లో, మన వైపున రాయపురమునుండి తిరువళ్ళూరు మీదుగా వాలాజా రోడ్డునకు దక్షిణదేశపు తొలి రైలుబండి నడచెను. ఆ బండిని లాగిన ఆవిరియంత్రములో ముషలకము ముందుకు వెనుకకు కదలుచు, కడ్డీల మూలమున చక్రమును త్రిప్పుచుండెను. నాటి ఆవిరియంత్రము లన్నియు ఇట్టివే. కదలిక ప్రతిమారు ఆగి, దిక్కు మార్చుకొని, మరల సాగవలెను గనుక వాని వేగమునకు ఒక హద్దు ఉండెడిది. ఆ హద్దును దాటుట లావాల్ జీవితకార్యము కావలసియుండెను.

లావాల్ 1863లో స్టాక్‌హోమ్ నగరమందలి సాంకేతిక విద్యాలయమున చేరి 1866లో పట్టము పొందెను. ఇంజనీరు చదువు ముగించినవాడు తృప్తిపడి ఊరకుండలేదు. ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు పోయి, రసాయనశాస్త్రమున పరిశోధన చేసి, 1872లో డాక్టరు పట్టమును గడించెను. అటుపిమ్మట క్లోస్టర్ అను చోట ఇనుపకర్మాగారములో ఉద్యోగము చేయుచుండెను. అచట ఉండగానే 1877లో జర్మనీ దేశమున లెఫెల్ట్ అనునతడు పాలనుండి మీగడను వేరుచేయుటకు కల్పించిన ఒక త్రిప్పుడు యంత్రమును గూర్చి పత్రికలో చదివెను.

పాలను కదల్చక ఉంచినచో మీగడ పైకి తేలుననుట మనకు తెలిసినదే. అందుకు గంటలకొలది కాలము కావలెను. పాత్రను వేగముగా త్రిప్పినచో బరువైన పాలు అంచునకును, తేలికయైన మీగడ నడిమికిని చేరును. లెఫెల్ట్ యంత్రము ఈ పనినే చేసెను. కాని మీగడను తీయవలసినపుడెల్ల యంత్రము నాపవలసియుండెను. ఆపిన పిదప మరల నింపవలెను, మరల త్రిప్పవలెను. లావాల్ ఈ చిక్కునే పట్టుకొనెను. ఒక ప్రక్కనుండి పాలు ఎడతెగక లోపలికి వచ్చుచు, వేరువేరు దారుల గుండ మీగడయు వెన్న తీసిన పాలును ఎడతెగక వెలుపలికి పోవునట్లు ఆయన యంత్రమును నిర్మించెను. 1878లో దీనికి హక్కుపత్రము లభించెను. ఆస్కార్ లామ్ అను వ్యాపారితో చేరి లావాల్ ఈ యంత్రములను అమ్మ మొదలిడెను. 1883లో వీరు స్థాపించిన సెపరేటర్ అను సంస్థయే 1963లో ఆల్ఫా లావాల్ అను పేరు దాల్చి నేటికిని నడచుచున్నది. పాలకేంద్రములలో పాలను, మీగడను వేరుచేయు యంత్రములన్నియు ఆ తొలి యంత్రమునకు మనుమలవంటివి.

ఈ యంత్రపు గిన్నె నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగవలెను. దానిని త్రిప్పుట యెట్లు? చేతితో త్రిప్పవచ్చును, గుర్రముచేత త్రిప్పవచ్చును, మామూలు ఆవిరియంత్రముచేతను త్రిప్పవచ్చును. కాని వీనిలో ఏదియు నిమిషమునకు అన్ని చుట్లు తిరుగదు. పట్టీలు, పళ్ళచక్రములు అమర్చి వేగమును పెంచుకొనవలసి వచ్చుచుండెను. ఆవిరియే తిన్నగా చక్రమును వేగముగా త్రిప్పినచో ఈ తంటా లేదు గదా యని లావాల్ ఆలోచించెను. 1880వ దశకమున మొదట ఆయన చేసినది వంకరగొట్టము. దాని రెండు కొనలనుండి ఆవిరి వెలికి చిమ్ముచుండగా గొట్టము వెనుకకు తిరుగును. ప్రాచీన కాలమున అలెగ్జాండ్రియా నగరమందలి హీరో అను పండితుడు చూపిన ఆటవస్తువు ఇట్టిదే. అది తిరిగెను గాని ఆవిరిని విపరీతముగా మ్రింగెను. అందుచేత లావాల్ దానిని విడిచి, అంచునిండ రెక్కలు గల చక్రమును చేసి, ఆ రెక్కలపై ఆవిరిధారను కొట్టించు పద్ధతికి వచ్చెను. దీనినే మనము టర్బైను అందుము. మన ఏటి నీటితో తిరుగు చక్రమునకు ఇది అన్నదమ్ము. నీటికి బదులు ఆవిరి.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆవిరిని మామూలు గొట్టమునుండి వదలినచో దాని బలములో కొంతయే వేగముగా మారును. తక్కినది చెదరిపోవును. లావాల్ గొట్టమును మొదట సన్నగిల్లజేసి, సన్నని మెడ దాటిన పిదప మరల వెడల్పు చేసెను. మెడకడ ధ్వనివేగము నందుకొన్న ఆవిరి, ఆ వెడల్పగుచున్న దారిలో ఇంకను వ్యాకోచించి, ధ్వనిని మించిన వేగముతో వెలువడును. సెకనునకు వెయ్యి మీటర్ల వేగమును సైతము అది దాటగలదు. ఈ నాజిలునకు నేటికిని లావాల్ పేరే నిలిచియున్నది.

అంత వేగముగల ఆవిరి కొట్టినపుడు, దాని బలమును పూర్తిగా గ్రహింపవలెనన్న రెక్కలు సుమారు అందులో సగము వేగముతో పరువెత్తవలెను. అనగా చక్రపు అంచు సెకనునకు ఐదువందల మీటర్ల వేగముతో కదలవలెను! ఇదే కాలమున ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ అను మరియొక మహామేధావి 1884లో వేరొక దారి త్రొక్కెను. ఆవిరి బలమును ఒక్కమారుగా గాక, పెక్కు చక్రముల వరుసలలో కొంచెము కొంచెముగా దించెను. తిరుత్తణి కొండకు 365 మెట్లు కలవని మీకు తెలియును. పార్సన్స్ ఆవిరిని ఆ మెట్లమీదుగా నడిపించి దించినవాడు. లావాల్ కొండమీదనుండి ఒక్క దుముకున దింపినవాడు. మెట్లదారి పెద్ద యంత్రములకు మేలైనదని తరువాతి కాలము తేల్చెను. కాని ఒక్క దుముకును ఓర్చుకొను చక్రమును చేయబూనుటచేతనే, వేగముగా తిరుగు చక్రముల రహస్యములు లావాల్‌కు తెలియవచ్చెను.

ఆ చక్రములు ఎట్టివో లెక్కతో చూతము. లావాల్ టర్బైనులలో మిక్కిలి చిన్నదాని చక్రము అడ్డుకొలత సుమారు 100 మిల్లీమీటర్లు, అరచేతిలో పట్టునంత. అది నిమిషమునకు 30,000 చుట్లు తిరిగి 5 గుర్రముల బలమును ఇచ్చెను. పెద్దదాని చక్రము అడ్డుకొలత 760 మిల్లీమీటర్లు. నిమిషమునకు 10,600 చుట్లు. బలము 300 గుర్రములది. ఈ పెద్ద చక్రపు అంచు సెకనునకు సుమారు 420 మీటర్లు పరువెత్తును. ఆ వేగమున పోవువానికి తిరువళ్ళూరునుండి తిరుత్తణి చేరుటకు రెండు నిమిషములు పట్టదు.

త్రాటికి రాయి కట్టి త్రిప్పినపుడు రాయి మన చేతిని వెలుపలికి లాగును గదా! చక్రములోని ప్రతి కణమును అట్లే వెలుపలికి లాగబడుచుండును. పై చిన్న చక్రమున అంచునందలి ఒక్క గ్రాము ఉక్కు, 50 కిలోల మూట వ్రేలాడినంత బలముతో వెలుపలికి లాగును. ఉక్కు తాళలేనపుడు చక్రము ముక్కలై, తుపాకిగుండ్లవలె ఎగసి, ఇనుపపెట్టెను చీల్చుకొని పోగలదు. యంత్రము ప్రక్కన నిలిచిన పనివాని ప్రాణము ఆ ఉక్కు గట్టిదనముపై ఆధారపడి యుండును. అందుచేత చక్రపు రూపమును నిర్ణయించుట అలంకారపు పని కాదు, అది ప్రాణరక్షణ.

లావాల్ ఇందుకు మూడు ఉపాయములు చేసెను. మొదటిది చక్రపు మందము. అంచునందలి ఉక్కు బరువు నంతటిని నడిమి భాగము మోయవలెను గనుక, నడుమ లావుగాను, అంచువైపు పోయినకొలది పలుచగాను చక్రమును తీర్చెను. మన యిండ్లలో కాల్చు ఆప్పము నడుమ దళసరిగా, అంచున పలుచగా ఉండునట్లు. కొలతలు సరిగా కుదిరినచో చక్రములో ఎచట చూచినను ఉక్కుపై పడు లాగుడు సమానముగా నుండును. ఒకచోట వృథాగా బలము మిగులుటయు, వేరొకచోట చాలకపోవుటయు నుండదు.

రెండవది నడిమి రంధ్రము. చక్రమునకు ఇరుసు తగిలింపవలెనన్న నడుమ రంధ్రము తొలుచుట లోకసహజము. కాని తిరుగు పళ్ళెములో నడుమ సూదిబెజ్జమంత రంధ్రము ఉన్నను, ఆ రంధ్రపు అంచున లాగుడు రెట్టింపగునని గణితము చెప్పుచున్నది. అందుచేత పెద్ద చక్రములకు లావాల్ నడుమ రంధ్రమే పెట్టలేదు. ఇరుసును రెండు ముక్కలుగా చేసి, చక్రమునకు ఇరుప్రక్కల మరలతో బిగించెను.

మూడవది మిక్కిలి దూరదృష్టి గలది. ఎంత జాగ్రత్త పడినను ఏనాడైన అడ్డు తప్పి చక్రము మితిమీరి తిరుగవచ్చును. అపుడు ఎట్లైనను పగులవలసివచ్చినచో, ఎచట పగులవలెనో తానే నిర్ణయించెను. రెక్కలున్న అంచునకు కొంచెము క్రిందుగా చుట్టు గాడి తీసి, అచట మాత్రము ఉక్కును పలుచన చేసెను. వేగము హద్దు దాటగనే పలుచని అంచు చిన్న చిన్న తునకలై రాలును. ఆ తునకలను ఇనుపపెట్టె ఆపగలదు. రెక్కలు పోయిన చక్రమును ఆవిరి ఇక త్రిప్పజాలదు. లావైన నడిమి భాగము తూకము తప్పి పెట్టెకు ఒరసికొని, క్రమముగా ఆగిపోవును. తన పని చెడవచ్చునని ముందే ఒప్పుకొని, చెడినను మనుష్యునికి హాని కలుగకుండ చేయుట నిజమైన శిల్పి లక్షణము గదా!

చక్రము గట్టిపడినది. కాని అది అదరక తిరుగుట యెట్లు? అసలైన పరీక్ష ఇక్కడ వచ్చెను. కుమ్మరి తన సారెపై మట్టిముద్దను సరిగా నడుమ పెట్టనిచో అది ప్రక్కకు త్రోసికొని పోవుట మీరు చూచియుందురు. ఎంతటి నేర్పరి చేసిన చక్రమునకైనను బరువునడిమి, ఇరుసునడిమితో అణుమాత్రము తేడా లేక కుదురదు. ఆ తేడా మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే యనుకొందము. నిమిషమునకు 30,000 చుట్లు తిరుగునపుడు ఆ కొంచెపు తేడా, చక్రపు బరువునకు నూరు రెట్ల బలముతో ఇరుసును గుంజును. ఆ గుంజుడు సెకనునకు 500 మారులు చుట్టును తిరుగును. ఇరుసును ఎంత లావుగా, ఎంత బిగువుగా పట్టియుంచినను బేరింగులు కాలిపోవును, యంత్రము అదరిపోవును.

లావాల్ కూడ మొదట లావు ఇరుసునే పెట్టిచూచెను. అది పనికిరాలేదు. అపుడాయన సాధారణ బుద్ధికి విరుద్ధమని తోచు పని చేసెను. ఇరుసును సన్నని, వంగగల ఉక్కుకడ్డీగా మార్చెను. వంగు ఇరుసుపై అంత వేగముగా తిరుగు చక్రమా! ఇది సాధ్యము కాదని శాస్త్రజ్ఞులు తలచిన కాలమది. స్కాట్లండు దేశపు మహాపండితుడు రాంకిన్ 1869లోనే ఈ విషయమున లెక్కలు వేసి, ప్రతి ఇరుసునకును ఒక సంధివేగము కలదనియు, ఆ వేగమున ఇరుసు విపరీతముగా వంగుననియు, దానిని దాటి నిలకడగా తిరుగుట కుదరదనియు తేల్చియుండెను. లావాల్ యంత్రము ఆ సంధివేగమును దాటెను. దాటుచున్నపుడు క్షణకాలము గజగజలాడెను, దాటగనే శాంతించెను. సంధివేగమునకు సుమారు ఏడు రెట్ల వేగమున కూడ అది నిలకడగా తిరిగెను.

దీని మర్మమును మీరు మీ యింటనే తెలిసికొనవచ్చును. మూరెడు దారమునకు చిన్న రాయి కట్టి వ్రేలాడదీయుడు. చేతిని మెల్లమెల్లగా ఇటు నటు కదపుడు. రాయి చేతివెంట వచ్చును. కదలికను కొంచెము హెచ్చించుడు. ఒకానొక వేగమున రాయి చాల పెద్దగా ఊగును. అదియే సంధివేగము. ఇంకను వేగముగా చేతిని కదపుడు. రాయి చేతివెంట రాదు. దాదాపు నిలిచినచోటనే నిలిచి, చేయి కుడికి పోవునపుడు తాను కొంచెము ఎడమకు పోవును. చక్రమును ఇట్టిదే. సంధివేగమునకు లోపల బరువు ప్రక్క వెలుపలికి పోయి ఇరుసును వంచును. సంధివేగము దాటిన పిదప బరువు ప్రక్క లోపలికి తిరుగును. చక్రము ఇరుసు నడిమిచుట్టు తిరుగుట మాని, తన బరువునడిమిచుట్టు తాను తిరుగుట మొదలిడును. కడ్డీ వంగుచు అందుకు చోటిచ్చును. వదులుగా కట్టిన కవ్వము తన నడిమిని తాను చూచుకొన్నట్లే, ఈ చక్రమును తన కేంద్రమును తానే వెదకికొనెను.

యంత్రము నడచిన కొన్నేండ్లకు గాని శాస్త్రము దానిని అందుకొనలేదు. 1895లో జర్మనీలోని ఆగస్ట్ ఫొప్పెల్ అను ఆచార్యుడు లావాల్ ఇరుసునకు గణితరూపమున సమాధానము వ్రాసెను. 1919లో జెఫ్‌కాట్ అను పండితుడు ఆ విషయమును మరింత తేటపరచెను. అందుచేత వంగు ఇరుసుపై తిరుగు చక్రపు నమూనాను కొందరు లావాల్ పేరునను, మరికొందరు జెఫ్‌కాట్ పేరునను పిలిచెదరు. రాంకిన్ అల్పుడని దీని అర్థము కాదు. ఆయన గొప్ప శాస్త్రజ్ఞుడే. ఆ లెక్కలో ఒక ముఖ్యాంశము విడిచిపోయెను. గొప్పవారి మాటనైనను ప్రయోగముచే పరీక్షింపవలెనని మనము గ్రహింపవలసినది.

ఇంత వేగముగా తిరుగు చక్రముతో మామూలు యంత్రములను నడుపుట యెట్లు? లావాల్ ఏటవాలు పళ్ళుగల చక్రములను మిక్కిలి సన్నని పనితనముతో చేయించి, వేగమును సుమారు పదవవంతునకు తగ్గించెను. ఆయన టర్బైను 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమున నిలిచెను. అదే సంవత్సరము టర్బైనుల తయారీకి స్వీడన్‌లో ప్రత్యేక సంస్థయు ఏర్పడెను. 1886లోనే ఆయన స్వీడన్ శాస్త్రపరిషత్తున సభ్యుడయ్యెను. ఆ దేశపు శాసనసభలోను కూర్చుండెను.

సంపద విషయమున మాత్రము లావాల్ చక్రమునకు నేర్పిన నిలకడను తనకు నేర్చుకొనలేదు. మీగడ యంత్రములచే వచ్చిన ధనమును కొత్తకొత్త పనులలో ధారపోసెను. జింకు ఖనిజమును విద్యుత్తుచే కరగించుట, పాలు పితుకు యంత్రములు మున్నగు ఎన్నో ప్రయత్నములు చేసెను. స్వీడన్‌లో ఆయన పొందిన హక్కుపత్రములు 92. నెలకొల్పిన సంస్థలు 37 అని లెక్క. ఒక పని ఫలించులోపుననే మరియొక పనిమీదికి మనసు పోవుచుండెను. వానిలో పెక్కు సంస్థలు కూలిపోయెను. పాలు పితుకు యంత్రము ఆయన పేరున బజారునకు వచ్చినది 1918లో, అప్పటికాయన లేడు. 1913 ఫిబ్రవరి 2వ తేదీన, 67 ఏండ్ల వయసున, స్టాక్‌హోమ్‌లో లావాల్ కన్నుమూసెను. చేతికి వచ్చిన ధనములో మిగిలినది అల్పము.

కాని ఆయన విడిచిన ప్రశ్నలు నిలిచెను. వానిలో పెద్దది వేడి. లావాల్ చక్రమునకు ఒక అదృష్టము కలదు. ఆవిరి నాజిలులోనే పూర్తిగా వ్యాకోచించి చల్లబడును గనుక, చక్రమును తాకునపుడు దాని వేడి చాల తగ్గియుండును. తరువాత వచ్చినవారు చక్రమును మంటకే అప్పగించిరి. 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకీ, ఇంజను వెలిగ్రక్కు వేడివాయువుతో చక్రమును త్రిప్పి, అదే ఇరుసుపై మరియొక చక్రముతో ఇంజనుకు గాలి నెక్కించు ఉపాయమునకు హక్కుపత్రము పొందెను. ఇదియే మన లారీలలో, బస్సులలో టర్బో అనబడునది. 1937లో ఇంగ్లండున ఫ్రాంక్ విట్టిల్ తన జెట్ యంత్రమును తొలిసారి నడపెను.

వేడి చక్రమునకు రెండు విధముల కీడు చేయును. లావు గాజుగ్లాసులో మరిగెడు పాలు పోసినచో అది చిటులును. లోపలి పొర వేడికి పెరుగును, వెలుపలి పొర చల్లగానే యుండి పెరుగనీయదు. ఆ పెనుగులాటయే పగులు. చక్రమునందును అంచు మండుచుండగా నడిమి చల్లగా నుండును. అసలే తిరుగుడుచే లాగబడు నడిమి భాగముపై ఈ పెనుగులాట లాగుడు కూడ పడును. రెండవది మెల్లని సాగుడు. ఎర్రగా కాగిన ఉక్కు, తాళగల బరువునకే, రోజులు గడచినకొలది కొంచెము కొంచెముగా సాగును. వెంట్రుకవాసి సాగినను రెక్కల కొనలు చుట్టునున్న పెట్టెకు ఒరసికొనును. అందుచేత వేడిలో సాగని నికెలు మిశ్రమలోహములను కనుగొనిరి. చక్రముపై చల్లని గాలిని పారించిరి. పెరుగుటకు చోటు విడిచి రెక్కలను బిగించిరి. విట్టిల్ తొలి యంత్రములలో రెక్కలకు లావాల్ పద్ధతి ఉబ్బు మొదళ్ళే యుండెను. పిదప దేవదారు చెట్టు ఆకృతిలో మెట్లుమెట్లుగా నున్న మొదళ్ళు వచ్చెను. అవి బరువును పెక్కు పళ్ళపై పంచుకొనును.

ఇవన్నియు ఎక్కడనో దూరదేశపు సంగతులని తలపకుడు. మన తిరువళ్ళూరు జిల్లాలోనే అత్తిపట్టు కడ 1994లో ఉత్తర చెన్నై తాపవిద్యుత్కేంద్రము పని మొదలిడెను. వల్లూరు కడ మరియొకటి 2012లో ప్రారంభమయ్యెను. ఇట్టి కేంద్రములలో ఆవిరి సుమారు 540 డిగ్రీల వేడితో వచ్చి టర్బైను చక్రములను నిమిషమునకు 3,000 చుట్లు త్రిప్పును. యంత్రము నాపిన పిదప కూడ పనివారు ఇరుసును కదలక ఉండనీయరు. గంటలకొలది మెల్లగా త్రిప్పుచునే యుందురు. ఊరక నిలిపినచో పైభాగము వేడిగాను, క్రిందిభాగము చల్లగాను ఉండి, టన్నులకొలది బరువుగల ఇరుసు విల్లువలె వంగిపోవును. మీ తండ్రిగారో, మామగారో లారీ నడుపువారైనచో అడిగి చూడుడు: దూరము వచ్చిన బండిని ఆపగనే ఇంజను కట్టివేయక, కొంతసేపు ఊరక తిరుగనిత్తురు. మండుచున్న టర్బో ఇరుసు చుట్టునున్న నూనె మాడిపోకుండుటకే ఈ జాగ్రత్త. నిమిషమునకు లక్షచుట్లు దాటి తిరుగు చిన్న టర్బోలలో ఇరుసు, పలుచని నూనెపొరపై తేలు వదులు గుల్లలలో కూర్చుండును. బిగువుగా పట్టక తన నడిమిని తాను చూచుకొననిచ్చు లావాల్ ఆలోచనయే అచటను కలదు.

ఇక ఉత్తరముగా చూడుడు. పులికాటు సరస్సు కావల శ్రీహరికోటనుండి 1971 మొదలు రాకెట్లు ఎగయుచున్నవి. పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు వారు ఆ వెలుగును తమ ఇండ్లనుండియే చూతురు. రాకెట్టు తోకకడ గంటవలె వెడల్పైన భాగము లావాల్ నాజిలే. ద్రవేంధనపు ఇంజనులలో ఇంధనమును తోడి పంపు నదియు వేడివాయువుచే తిరుగు చిన్న టర్బైను చక్రమే. పాలలో మీగడను తీయ మొదలిడిన ఆలోచన ఆకాశమునకు దారి తీసినది.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలు తెలుగులో చదువుచు, వీధిలో తమిళము మాటలాడుచు పెరుగుచున్నారు. పెద్ద శాస్త్రములు పెద్ద నగరములవారికే యని వారికి తోచవచ్చును. ఓర్సా అను చిన్న ఊరిలో పుట్టి, కొద్దిమంది మాటలాడు భాషలో చదివిన బాలుడు చేసిన పని మీరు చదివితిరి. ఇంట మజ్జిగ చిలుకునపుడు కవ్వపు ఉచ్చులను పిల్లలచేత కట్టించుడు; బిగువెంతయో, వదులెంతయో వారినే తేల్చుకొననిండు.

విద్యార్థులారా! దారము, రాయి అందరి ఇండ్లలోను దొరకును. ఈ సాయంకాలమే సంధివేగమును మీ చేతితో పట్టి చూడుడు. దారమును పొడుగు చేసిన సంధివేగము తగ్గునో, హెచ్చునో లెక్కపుస్తకమున వ్రాసికొని, రేపు తరగతిలో మీ ఉపాధ్యాయులకు చూపుడు.